పొత్తిగుడ్డలు తడవని రోజు

ఏ ఇంట్లోనైనా చంటిబిడ్డకు విరేచనాలని తెలిస్తే నేను మంచం మీద కూర్చోను కూడా కూర్చోను. గడపలో నిలబడే అడుగుతాను. "ఉచ్చ పోసిండాడా? పొద్దన్నుంచి ఎన్ని తూర్లు?" కొత్తగా తల్లులైనవాళ్లు సిగ్గుపడతారు. మగవాళ్లు ఏదో పనున్నట్టు లేచి బయటికి పోతారు. ముసల్ది వచ్చిందంటే ఇంక ఆ కంపు మాటలే అని నా మనవరాళ్లు ఒకరినొకరు గిల్లుకుని నవ్వుతారు. నవ్వుకోనీ. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు, ఈ వయసులో కొత్తగా మారేదీ లేదు. ఆ ప్రశ్న నాకు ఎవరు నేర్పారో, ఎట్లాంటి పొద్దున నేర్పారో వాళ్లకు తెలియదు. నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

కర్నూలు రాజధానిగా ఉండిన రోజులు. నాకు పంతొమ్మిదేళ్లు. పులివెందులలో మాది మట్టిమిద్దె. ఇంట్లో నేనూ, మా అత్తా, పది నెలల నా కొడుకూ. నా భర్త ప్రొద్దుటూరులో నూనె మిల్లులో పని చేసేవాడు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తెల్లారగానే పోయేవాడు. మామ నా పెళ్లికి ముందే పోయాడు. కాబట్టి వారంలో ఐదు రోజులు ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు ఆడవాళ్లు, రెండు పెద్ద నోళ్లు.

అత్త మాటంటే మాటే. పప్పులో ఉప్పు ఎక్కువైతే వీధి చివరి దాకా వినపడేట్టు చెప్పేది. నేనూ తక్కువదాన్నేం కాదు, ఒకటికి రెండు అనేదాన్ని. అయితే పిల్లల సంగతి వచ్చేసరికి మాత్రం ఆమె ముందు నోరెత్తేదాన్ని కాదు. ఐదుగురిని కన్న మనిషి. అందులో మిగిలింది ఇద్దరు, నా భర్తా, మా ఆడబిడ్డా. తక్కిన ముగ్గురూ నడక రాకముందే పోయారు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి చెప్పింది ఆ మాట, "ముగ్గురిని మన్నుకిచ్చినా" అని. ఎట్లా పోయారత్తా అని అడగబోయాను. "పోయేటోళ్లు పోతారు, ఆ చాట ఇట్లియ్యి" అంది. అంతే, మళ్లీ ఆ ఊసు మా ఇంట్లో లేదు.

మంచి ఎండాకాలం. నా కొడుక్కి కింద రెండు పళ్లు మొలుస్తున్నాయి. దొరికిందల్లా నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు. ఒక బుధవారం పొద్దున లేవగానే పలచగా పోయాడు. ఇంకాసేపటికి మళ్లీ పోయాడు. మధ్యాహ్నానికి ఎనిమిది పొత్తిగుడ్డలు మార్చాను. పాత చీరలు చింపి, ఉడకబెట్టి, మెత్తగా చేసి పెట్టుకున్న గుడ్డలవి. పెరట్లో తీగ నిండా అవే ఆరేశాను.

"పండ్లు వస్తాండాయి కదా, పండ్ల పారుడు. బయపడొద్దు" అంది అత్త.

అని ఊరుకోలేదు. లోపల ఉన్న చెడంతా కడుక్కుని పోవాలని ఉగ్గుగిన్నెలో ఆముదం తెచ్చి వాడి ముక్కు మూసి పట్టింది. మా వైపు ఆముదం లేని చికిత్స అప్పట్లో లేదు. కడుపు నొప్పికి ఆముదం, జ్వరానికి ఆముదం, కక్కితే ఆముదం. వాడు గిలగిల్లాడి ఏడ్చాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. ఆముదం లోపలికి పోయాక ఇంకా ఎక్కువ పోయాడు, చూసినావా చెడంతా పోతాండాది అని ఆమె సంతోషపడింది. నేనూ సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ తర్వాత నీళ్లు ఆపేసింది.

"నీళ్లు తాపొద్దు. తాపేకొద్దీ పారతాది. కుండకు అడుగున బొక్కుంటే పైనుంచి నీళ్లు పోస్తామా ఎవరమైనా? బొక్క పూడేదాంక పొయ్యకూడదు."

ఈ మాటలో ఏం తప్పుందో ఇప్పుడు ఏ చదువుకున్న పిల్లనడిగినా చెప్తుంది. ఆ రోజు నాకు మాత్రం ఎంత బాగా అర్థమైందో! కుండ, బొక్క, నీళ్లు. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు అనిపించింది. పాలు కూడా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలంది. తల్లి తిన్నదీ తాగినదీ పాలలోకి దిగుతుంది కాబట్టి నాకూ పత్యమే. మూడు పూటలా ఎండు జొన్నరొట్టె, ఉప్పు, వేయించిన కరివేపాకు. నీళ్లు పొద్దున ఒక గుక్క, సాయంత్రం ఒక గుక్క. అంత ఎండలో నాలుక అంగిలికి అతుక్కుపోయేది. నాకే ఇట్లా ఉంటే వాడికెట్లా ఉందోనని ఒక్కసారైనా అనుకోవాలి కదా. అనుకోలేదు. పత్యం అంటే కష్టంగానే ఉంటుందనుకున్నాను.

బుధవారం సాయంత్రం జరిగింది ఒకటి చెప్పాలి. వంటింటి మూల నీళ్లకుండ ఉండేది, కింద ఇసుక, చుట్టూ చెమ్మ. వాడు నా ఒళ్లోంచి జారి, పాక్కుంటూ ఆ మూలకు పోయాడు. కుండను రెండు చేతులా పట్టుకుని, పైన చెమర్చిన తడిని నాలుకతో నాకాడు. నాకుతూ మధ్యలో ఆగి నా వైపు చూశాడు. మళ్లీ నాకాడు.

నేను లేచి పోయి వాణ్ని ఎత్తుకుని ఇవతల కూర్చోబెట్టాను. అత్త కాదు, నేనే. రెండోసారి పాక్కుంటూ పోతే కుండకు అడ్డంగా పీట నిలబెట్టాను. ఆ పీట ఇంకా నా దగ్గరే ఉంది.

గురువారం కక్కడం మొదలైంది. పాలిస్తే పాలు కక్కాడు. పోవడం మాత్రం ఆగలేదు, బియ్యం కడిగిన నీళ్లలాగా పోయింది. ఏడుపు మారింది. మొదట గొంతు చించుకుని ఏడ్చేవాడు, గురువారం మధ్యాహ్నానికి పిల్లికూనలాగా సన్నగా మూలిగాడు. ఇంకొకటి కూడా కనపడింది నాకు. ఏడుస్తుంటే ముఖం ముడుచుకుంటోంది, నోరు తెరుచుకుంటోంది, కళ్లలోంచి చుక్క రావడం లేదు.

"అత్తా, వీనికి కండ్లనీళ్లు వస్తా ల్యా" అన్నాను.

"అంత గట్టిగా ఏడ్సడం ల్యా కదా, యాడ వస్తాయి?" అంది. "రేపటికి తగ్గకపోతే పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టిస్తాం. నువ్వు ఊరికే దిగులు పెట్టుకోవద్దు మే."

ఆమె కూడా దిగులుగానే ఉంది. పని మీద పని పెట్టుకుంటోంది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. దిగులు పడినప్పుడు ఆమెకు చీపురు కావాలి.

శుక్రవారం పొద్దునకు ఆగిపోయింది.

నిజంగానే ఆగిపోయింది. తెల్లారి చూస్తే గుడ్డ పొడిగా ఉంది. నాకు ప్రాణం లేచివచ్చింది. వాడు నిద్రపోతున్నాడు, మూలగడం లేదు, కక్కడం లేదు. "బొక్క పూడింది" అంది అత్త, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. నేను పెరట్లోకి పోయి రాత్రి తడిపిన నాలుగు గుడ్డలు ఉతికి ఆరేశాను. రెండు రోజుల తర్వాత మొదటిసారి తీగ మీద చోటు మిగిలింది. ఆ ఖాళీ తీగను చూసి ఎంత తేలిక పడ్డానో చెప్పలేను. నోట్లో ఏదో పాట కూడా వచ్చింది. ఆ పాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మా పెరటి గోడకు అవతల దూదేకులవాళ్ల ఇల్లు. ఆయన ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆమెను నేను అక్కా అనేదాన్ని. గోడ మీదుగా పప్పూ పచ్చళ్లూ ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఆ పొద్దున ఆమె గోడ దగ్గరికి వచ్చి మా తీగను చూసింది.

"ఏమ్మా, ఈపొద్దు గుడ్డలు తక్కువుండాయే?"

"తగ్గింది కా!" అన్నాను పళ్లన్నీ బయటపెట్టి. "తెల్లారి నుంచి ఒగ తూరి కూడా పోలా. గుడ్డే తడవలా."

ఆమె నవ్వలేదు.

"దొడ్డికి పోకుంటే పాయ. ఉచ్చ?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. "ఉచ్చ పోసిండాడా పిల్లోడు? నిన్న మాపట్నుంచి?"

ఆలోచించాను. నిన్న సాయంత్రం మార్చిన గుడ్డలు కళ్ల ముందు ఒకటొకటిగా వచ్చాయి. అన్నీ విరేచనాలవే. విరేచనం కలవని ఉత్త తడి గుడ్డ ఎప్పుడు చూశాను? నిన్న పొద్దునా? మొన్నా? తల అడ్డంగా ఊపాను.

ఆమె చుట్టూ తిరిగి దిడ్డి తలుపు దాకా కూడా పోలేదు. కుచ్చిళ్లు ఎగదోపుకుని గోడ ఎక్కి ఇవతలికి దూకింది. చేతులు కూడా కడుక్కోకుండా లోపలికి పోయి వాడి పక్కన కూర్చుంది. నిద్రపోతున్నాడనుకున్నాను కదా, రెప్పలు సగమే మూసుకుని ఉన్నాయి, కింద తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఆమె వేలు నోట్లో పెట్టి తీసి నాకు చూపించింది. వేలికి తడి లేదు. తల మీద మాడు దగ్గర చెయ్యి పెట్టి, నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టింది. ఎప్పుడూ మెత్తగా కొట్టుకునే చోట గుంత పడి ఉంది. తర్వాత వాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత అట్లాగే నిలబడింది. మెల్లగా, చాలా మెల్లగా పోయింది.

"ఇది నిద్ర కాదమ్మా" అంది. "నా కూతురు గూడా ఇట్లే పండుకొన్యది. నేనూ తగ్గిందనే అనుకొంటి. బిన్నా లెయ్. ఆసుపత్రికి."

అరిచాను. ఏమని అరిచానో తెలియదు. అత్త చీపురు పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఏంది మే, ఏమైంది?"

"అక్కా, పిల్లోనికి నీళ్లు తాపల్లంట" అంది దూదేకులక్క. "మా బిడ్డ పోయినాంక ప్రొద్దుటూరులో ఒగ నర్సమ్మ చెప్పె. ఉప్పూ బెల్లమూ ఏసి నీళ్లు తాపింటే నిలబడు అని. ఆపొద్దుకు తాపేకి బిడ్డే లేదు."

"నీళ్లా! తగ్గిన పారుడు మళ్లా తెస్తారా ఏంది? సంపుతారా వాణ్ని?"

"నువ్వే సంపుతాండావు!" అన్నాను నేను. అత్తను అట్లాంటి మాట అంతకుముందు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆమె ముఖం తెల్లబోయింది. నేను చూడలేదు, చూసే తీరిక లేదు. వాణ్ని భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వచ్చేశాను. వాడి తల నా భుజం మీద నిలవలేదు, వెనక్కి వాలిపోయింది. ఒక చేత్తో తల పట్టుకుని పరిగెత్తాను.

ఊళ్లో ఉన్న చిన్న ఆసుపత్రిలో డాక్టరు ఆ రోజు లేడు, కాంపౌండరున్నాడు. మంచివాడు, పెద్దవాడు. పిల్లాడి కనురెప్ప ఎత్తి చూశాడు, కాలు పట్టుకుని చూశాడు. చీటీ రాయలేదు, సీసా కడగలేదు. ఏ జబ్బుకైనా ముందు సీసా తెచ్చావా అని అడిగే మనిషి అట్లా ఉత్త చేతులతో నిలబడేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఈడ చేసేది కాదమ్మా. నరానికి నీళ్లు ఎక్కియ్యాల. జమ్మలమడుగులో పెద్దాసుపత్రికి పోండి. బస్సు ఇప్పుడే ఉండాది. మీవాళ్లు యాడ అని చూడొద్దు, ఎక్కేయ్."

బస్సు కదిలే ముందు దూదేకులక్క రొప్పుకుంటూ వచ్చి కిటికీలోంచి ఒక సీసా ఇచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లు, అందులో ఉప్పు, బెల్లం. "ఒగొగ సుక్కే. ఒగేసారి పొయ్యాకు" అంది. ఆమె వెనకాలే అత్త. ఇంటికి తాళం వేసి, మూట కట్టుకుని, జుట్టు కూడా ముడవకుండా వచ్చేసింది. మాట్లాడకుండా ఎక్కి నా పక్కన కూర్చుంది. డ్రైవరుతో మాత్రం అంది, ప్రొద్దుటూరు పోయే బస్సు ఎదురైతే నూనె మిల్లుకు కబురు చెప్పించప్పా అని.

ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు. ఇప్పుడు ఆ దోవ ఎంతసేపో నాకు తెలుసు. ఆ రోజు అది తెగలేదు. బస్సు ప్రతి ఊరికీ ఆగింది. ఎవరో మేకను ఎక్కిస్తామంటారు, ఎవరో చిల్లర కోసం కొట్లాడతారు. పోనీయప్పా, నా బిడ్డ చస్తాండాడు అని అరుద్దామనుకున్నాను, ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందేమోనని అనలేదు.

సీసా నా ఒళ్లో ఉంది. మూత తీయాలంటే భయం. అత్త చూస్తుందని కాదు, ఆమె మాట అప్పటికీ నా తలలో ఉంది. ఆగిన పారుడు మళ్లీ మొదలైతే? కుండకు బొక్క అట్లాగే ఉంటే? నీళ్లు పోసి నా చేతులతో నేనే చంపుకుంటానేమో. పోయకపోతే దూదేకులక్క కూతురిలాగా ఇట్లాగే పోతాడేమో. ఏది చేసినా నేనే చేసినట్టు. అట్లాంటి భయం పగవాళ్లకు కూడా వద్దు.

వాడి పెదవులు చూశాను. ఎండి చిట్లిపోయి ఉన్నాయి. కుండను నాకిన నాలుక గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయాను. పైట చెంగు సీసాలో ముంచి, పైట మాటునే వాడి నోట్లో పిండాను. ఒక చుక్క. నోరు కదల్లేదు. ఇంకొక చుక్క. గొంతు దగ్గర ఏదో కదిలినట్టయింది. మింగాడా? మళ్లీ ముంచాను. నాలుగోసారో ఐదోసారో నా చెంగును చప్పరించాడు. పీల్చే బలం లేదు, అయినా పెదవులు మూసుకున్నాయి.

ముద్దనూరు దాటాక కక్కాడు. నా ఒడంతా తడిసింది. అయిపోయింది, అత్త చెప్పినట్టే అయింది, నేనే చేశాను అనుకున్నాను. ఆమె నన్ను తిట్టే తిట్ల కోసం ఎదురు చూశాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. నా వైపు చూడను కూడా లేదు. బస్సు ఎన్ని కుదుపులు కుదిపినా ఆ తల ఇటు తిరగలేదు. కొంతసేపు ఆగి, మళ్లీ చెంగు ముంచాను.

పెన్న దాటేటప్పుడు ఏట్లో ఇసుకే ఇసుక, ఒక పక్కన సన్నగా నీళ్లు. వాడి కళ్లు సగం తెరుచుకునే ఉన్నాయి. ఊపిరి ఉందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఒకసారి తెలిసింది. మరొకసారి తెలియలేదు. బస్సు గాలా, వాడి గాలా అని అర్థం కాక వాడి నోరు నా చెంపకు ఆనించుకుని అట్లాగే కూర్చున్నాను.

ఆసుపత్రిలో నర్సమ్మ కోస్తా వైపు మనిషి. చూస్తూనే వాణ్ని నా చేతుల్లోంచి తీసుకుంది. నడుస్తూనే అడిగింది.

"బాబు ఉచ్చ పోసి ఎంతసేపయిందమ్మా?"

మళ్లీ అదే ప్రశ్న. "నిన్న పొద్దున్నుంచి లేదమ్మా" అన్నాను.

లోపల డాక్టరమ్మ పొట్ట మీద చర్మం పట్టి వదిలింది, దూదేకులక్క చేసినట్టే. ఎక్కడా నరం దొరకలేదు. చివరికి కాలి చీలమండ దగ్గర చిన్నగా కోసి, అక్కడ నరం పట్టుకున్నారు. వాడికి కోస్తుంటే ఏడవలేదు. నా బిడ్డ కోస్తే ఏడవలేదు! నేను తట్టుకోలేక పెద్దగా ఏడ్చాను, నన్ను బయటికి పంపేశారు.

వరండాలో అత్తా నేనూ గోడకానుకుని కూర్చున్నాం. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా. వాడికేమన్నా అయితే ఈమె ముఖం మళ్లీ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఏం అనాలో మాటలు కూడా కూర్చి పెట్టుకున్నాను. నా నోటికి అదొక్కటే పని చేతనవును.

ఎంతసేపటికో నర్సమ్మ బయటికి వచ్చింది. కోపంగా ఉంది.

"మీకెవరు చెప్పారమ్మా నీళ్లు ఆపమని? విరేచనాలతో పిల్లలు పోరు. ఒంట్లో నీళ్లన్నీ పోయి, ఎండిపోయి పోతారు. పోయినన్ని నీళ్లూ తాగిస్తే చాలా మంది నిలబడతారు. పైగా ఆముదం ఒకటి! దారిలో చుక్క చుక్క పట్టానన్నావే, నువ్వా మాత్రమైనా పట్టబట్టే ఇక్కడిదాకా వచ్చాడు. గట్టెక్కాడని ఇప్పుడే చెప్పలేం. పాసు పోస్తే అప్పుడు చూద్దాం."

ఆమె లోపలికి పోయింది. నేను అత్త వైపు తిరిగాను, విన్నావా అని అడగడానికే తిరిగాను. ఆమె నర్సమ్మ పోయిన తలుపు వైపే చూస్తోంది. చేతివేళ్లు ఒళ్లో కదులుతున్నాయి. ఒక వేలు ముడిచింది, రెండోది ముడిచింది, మూడోది ముడిచి అట్లాగే గట్టిగా పట్టుకుంది. కూర్చి పెట్టుకున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి.

పొద్దు వాలుతుండగా లోపలికి పిలిచారు. నర్సమ్మ మంచం పక్కన నిలబడి నా చేతిలో ఒక గుడ్డ పెట్టింది. తడిగా ఉంది. వెచ్చగా ఉంది. దేనితోనూ కలవని ఉత్త తడి. ఆ గుడ్డను ముఖానికి అదుముకుని నేను ఏడ్చిన ఏడుపుకు మంచం మీద వాడు కళ్లు తెరిచి, పెదవి విరిచి, తనూ ఏడ్చాడు. కంటి మూలలో ఒక చుక్క నిలబడింది.

"ఇదిగో, ఇది మంచి గుర్తు" అంది నర్సమ్మ. చెంచాతో నీళ్లు పట్టమని నాకే ఇచ్చింది. వాడు చెంచాను కొరికి పట్టుకుని వదలలేదు.

అత్త గుమ్మం దాకా వచ్చి చూసింది. ఆ తడిగుడ్డ నా చేతిలోంచి తీసుకుంది. ఉతకడానికేమో అనుకున్నాను. ఉతకలేదు, మడత పెట్టి పట్టుకుని వరండాలోకే పోయి కూర్చుంది. వాడు మళ్లీ పడుకున్నాక, ఈసారి రెప్పలు పూర్తిగా మూసుకుని పడుకున్నాక, నేను బయటికి వచ్చాను. ఆమె నన్ను చూడకుండానే మాట్లాడింది.

"బస్సులో నువ్వు చెంగు పిండేది చూస్తి మే."

"చూసి ఊరకుంటివా?"

"ఊరకుంటి. మూడు తూర్లు ఆపి చూస్తి కదా. మూడు తూర్లూ దక్కలా. ఈ తూరి ఈ పిల్ల తాపుకోనీలే అని అటు తిరుక్కొంటి."

ఆమే మళ్లీ అంది, గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించగలదని నాకు ఆ రోజే తెలిసింది.

"ఆ నర్సమ్మ మాట నాకు సరింగ తెలీదు. నువ్వు పోయి ఒగ మాట అడుగు. నా ముగ్గురు గూడా ఇట్లే పారి పారి, ఒగ పొద్దు ఆగిపోయి, పండుకొని పోయిరి. వాళ్లకు నీళ్లు తాపింటే ఉండిందురా అని అడుగు."

లేచాను. లోపలికి పోయాను. నర్సమ్మ సీసా సరిచేస్తోంది, నన్ను చూసి ఏమ్మా అంది. ఏం లేదన్నాను. వాడి కాలి మీద కట్టు చూస్తూ కాసేపు నిలబడ్డాను. పొద్దున్నుంచీ ఆమెను అనాలనుకున్న మాట అదే కదా. ఇప్పుడు ఆమే అడుగుతోంది, నేను ఔనంటే చాలు. బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను, ఈసారి జాగా వదలకుండా.

"అడిగినా" అన్నాను. "వాళ్లది వేరే జబ్బంట. నీళ్లు తాపినా నిలబడేది కాదంట."

ఆమె నా ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది. "అట్లనా" అంది.

తర్వాత అంది, "శానా దప్పిగుండాది మే. రవ్వన్ని నీళ్లు తీస్కరా."

చెంబు నిండా తెచ్చాను. రెండు చేతులా పట్టుకుని ఆపకుండా గటగటా తాగింది. మెడ మీదుగా రవికెలోకి కారుతున్నా ఆపలేదు. అంత దాహం ఎక్కడిదా అని చూస్తూ నిలబడ్డాను.

"ఎప్పుడు తాగితివత్తా నువ్వు?"

"వానికి ఆపినప్పట్నుంచి నేనూ నీ మాదిర్నే, పొద్దునొగ గుక్క, మాపునొగ గుక్క" అంది మూతి తుడుచుకుంటూ. "బిడ్డ నోరు ఎండుతాంటే మనమెట్ల తాగేది? ఆ ముగ్గురికి గూడా అట్లే తోడుంటి."